ఊపిరిలో రెండణాల కోత

నేను ఒక ఊపిరి కొలిచే యంత్రాన్ని. డాక్టర్లు స్పైరోమీటరు అంటారు. నోరు తిరగకపోతే ఊదే మిషను అనండి, నాకేమీ అభ్యంతరం లేదు. నన్ను వాడినవాళ్ళలో చాలామంది అదే పేరుతో పిలిచారు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికొక బూడిదరంగు గొట్టం, గొట్టం చివర మనిషి మనిషికీ మార్చే అట్ట మూతి, పైన చిన్న తెర. ప్రస్తుతం ఒక వైద్య కళాశాలలో, ఊపిరితిత్తుల విభాగం వరండాలో, అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా ముందు ఒక చీటీ నిలబెట్టారు: 'పాత తరహా స్పైరోమీటరు. ప్రస్తుతం వాడుకలో లేదు.'

ఆ చీటీ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నాలో చెడిపోయినదేమీ లేదు. ఇప్పుడు ఊదినా సరిగ్గానే చెబుతాను. వాడుకలోంచి తీసేయవలసింది నా లోపల ఎవరో పెట్టిన ఒక అబద్ధాన్ని. దాన్ని తీసేశారు కూడా, ఆలస్యంగా. కానీ చీటీలో దాని పేరు లేదు, నా పేరుంది. అందుకే నా సంగతి నేనే చెప్పుకోవలసి వస్తోంది.

నా పుట్టుక ఒక చలి దేశంలో. చేతులకు తొడుగులు, తలకు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని నన్ను అమర్చారు. నా గొట్టం లోపల ఈగ రెక్క కన్నా తేలికైన చిన్న చక్రం ఉంటుంది. మనిషి గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదితే అది తిరుగుతుంది. ఎంత వేగంగా, ఎంతసేపు తిరిగిందో చూసి ఎన్ని లీటర్ల గాలి వచ్చిందో నేను చెబుతాను. అంతే నా విద్య. అది నిజమో కాదో తేల్చడానికి ఒక పెద్ద సిరంజి ఉండేది. దాని కడుపులో సరిగ్గా మూడు లీటర్ల గాలి. పనిలోకి దిగే ముందు రోజూ దాన్ని నాలోకి తోసేవాళ్ళు. నేను మూడు అనే చూపించాను, ఎప్పుడూ. ఆ సిరంజిది ఏ దేశం, ఏ రంగు అని నన్నెవరూ అడగలేదు.

అడిగింది మనుషుల విషయంలోనే. లీటర్లు చెబితే డాక్టరుకు చాలదు. ఈ మనిషికి ఎంత ఉండాలి, అందులో ఎంత ఉంది అన్నది కావాలి. పొడుగు మనిషికి ఎక్కువ ఉండాలి, వయసు మీరితే తగ్గుతుంది. కాబట్టి వయసు, ఎత్తు, ఆడా మగా అని మూడు గడులు పెట్టారు. న్యాయమే. వాటి పక్కన నాలుగో గడి పెట్టారు. జాతి. తెల్లవాళ్ళని నొక్కితే లెక్క పూర్తిగా వస్తుంది. ఇంకొకటి నొక్కితే, ఈ మనిషికి పుట్టుకతోనే ఊపిరితిత్తులు చిన్నవి, ఉండవలసిందే తక్కువ అని నేను ఒప్పుకోవాలి. మనవాళ్ళ గడికి కోత ఇంచుమించు రూపాయికి రెండణాలు. పదహారణాల ఊపిరి ఉండవలసిన చోట పద్నాలుగణాలుంటే నిండుగా ఉన్నట్టే.

ఈ కోతకు మొదలెక్కడో తెలుసా? అమెరికా పత్తి తోటల్లో. బానిసలకు ఊపిరి తక్కువని, ఒళ్ళు వంచి పనిచేయిస్తేనే వాళ్ళకు గాలి బాగా ఆడుతుందని ఆ కాలపు వైద్యుడొకడు పెద్ద పరిశోధనలాగా రాశాడు. తర్వాత వచ్చినవాళ్ళు భాష మార్చారు. మర్యాదగా పట్టికలు కట్టారు. పొగలో, దుమ్ములో, అర్ధాకలిలో పెరిగిన మనుషుల్ని కొలిచారు. ఊపిరి తక్కువ వచ్చింది. ఎందుకు తక్కువ వచ్చిందని అడగడం మానేసి, వీళ్ళింతే అని రాసుకున్నారు. ఆ రాతను తెచ్చి నా కడుపులో పెట్టారు. కొలత నాది, కోత వాళ్ళది. తెర మీద మాత్రం రెండూ ఒకే అక్షరాల్లో వచ్చేవి.

మొదట నన్ను హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి కొన్నది. అమర్చడానికి వచ్చిన ఇంజనీరు భోజనానికి వెళ్ళే తొందరలో నాలుగో గడిలో 'ఆసియా' నొక్కి, మళ్ళీ అడగకుండా దాన్ని స్థిరం చేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ ఆ గడి వైపు చూడలేదు. అక్కడికి వచ్చేది రోగులు కాదు. కంపెనీలు పంపితే మెడలో గుర్తింపు బిళ్ళలతో, ఖాళీ కడుపులతో వచ్చే ఉద్యోగులు. ఒక పెద్ద అధికారి తన కింద పనిచేసే అతనికి తన కన్నా నాలుగు శాతం ఎక్కువ వచ్చిందని మళ్ళీ మళ్ళీ ఊది, మొహం కందగడ్డ చేసుకుని వెళ్ళాడు. ఊపిరిలోనూ పై మెట్టు కావాలి వీళ్ళకు. మిగతావాళ్ళంతా నార్మల్ అన్న మాట చూసుకుని ఇడ్లీల వైపు నడిచేవాళ్ళు. ఆరోగ్యవంతుల మీద ఆ కోత ఎవరికీ కనపడదు. నిండు కుండలో చెంబెడు తీస్తే ఎవరు చూస్తారు?

కొన్నేళ్ళకు ఆ ఆసుపత్రి కొత్త యంత్రం కొని నన్ను ఒక పరిశోధనకు దానం చేసింది. దానం చేస్తూ ఫోటో తీయించుకుంది. అట్లా మార్కాపురం వైపు ఒక పలకల ఊరికి చేరాను. మీరు చిన్నప్పుడు అ ఆ లు దిద్దిన పలక ఆ వైపు భూమిలోంచే వచ్చి ఉంటుంది. రాయిని పొరలుగా చీల్చి, రంపంతో కోసి, నునుపుగా అరగదీస్తారు. అప్పుడు లేచే దుమ్ము బూడిద కన్నా మెత్తన. ముక్కులో పడితే తుమ్మయినా రాదు. తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కు పోయి కూర్చుంటుంది. దాని చుట్టూ మచ్చ కడుతుంది, మచ్చ మీద మచ్చ, చివరికి ఊపిరితిత్తి కూడా పలకలాగే బిగుసుకుపోతుంది. పిల్లలకు అక్షరాలు నేర్పిన రాయి, దాన్ని కోసినవాళ్ళకు ఊపిరి లేకుండా చేసింది.

ఆ మచ్చ కట్టడాన్ని నెమ్మది చేసే కొత్త మందు ఒకటి వచ్చింది. అది పలకల దుమ్ము జబ్బుకు పనిచేస్తుందా అని చూడటానికే ఆ పరిశోధన. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి అదే రంగు ఉత్త గుళిక. ఎవరిది ఏదో డాక్టరుకు కూడా తెలియదు. చేరడానికి ఒక షరతు: ఉండవలసిన ఊపిరిలో డెబ్భై శాతం కన్నా తక్కువ ఉండాలి. అంతకు మించి ఉంటే ఆ మనిషికి మందు అవసరమయ్యేంత జబ్బు లేనట్టు. ఆ తీర్పు చెప్పవలసింది నేను.

పాత ఆసుపత్రి భవనంలో మాకొక గది ఇచ్చారు. పరిశోధన చూసేది డాక్టర్ ముకుంద్. సన్నగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు, రోగి నిలబడి ఉంటే తను కూర్చోడు. నన్ను నడిపేది రమీజా. ఊదించడంలో ఆమె గొంతు ఆసుపత్రి గేటు దాకా వినపడేది. మొదట్లో ఆ ఊరి మగవాళ్ళు నన్ను చూసి బెదిరారు. రోడ్డు మీద పోలీసులు పెట్టి ఊదించే మిషను నేనే అనుకున్నారు.

"ఊదమంటే ఊదతా గానీ, పొద్దున్నించి సుక్క ముట్టలేదమ్మా," అన్నాడు ఒకాయన ముందుగానే.

"ఇది అది గాదు పెద్దాయనా. ఊపిరి చూసేది."

"రాత్రిది గూడా పట్టుకుంటదా?"

"పట్టుకోదు. ఊదు."

"అట్టయితే ఊదతా," అని ఊదాడు పాపం. ఊదడానికి ఆయన దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు.

తిరుపాలమ్మ ఆ గదిలోకి గోడ పట్టుకుని వచ్చింది. వెనకాల ఆమె భర్త ఓబులేసు, భుజాన సంచి, చేతిలో నీళ్ళ సీసా. ఇద్దరూ ఒకే పలకల ఫ్యాక్టరీలో పెళ్ళయిన కొత్త నుంచీ పనిచేశారు. అతను రంపం దగ్గర, ఆమె అరగదీసే బల్ల దగ్గర. ఆమెకు ఆయాసం మొదలయ్యాక ఇద్దరూ మానేసి కూరగాయల బండి పెట్టుకున్నారు. ఆమె కుర్చీలో కూర్చోబోతుంటే అతను తువ్వాలు మడిచి నడుము వెనక పెట్టాడు. రమీజా అది చూసి, తన వైపున్న ఫ్యానును ఆమె వైపు తిప్పింది. ఇట్లాంటివి నేను చూస్తాను. కోపంలో ఉన్నా చూస్తాను.

"అక్కా, గుండెల్నిండా గాలి పీల్చి, ఈ గొట్టంలోకి ఉన్నదంతా ఒక్కసారి ఊదెయ్."

తిరుపాలమ్మ పీల్చింది. గొట్టాన్ని పెదవులకు బెత్తెడు దూరంలో పట్టుకుని, చెంబు ఎత్తి నీళ్ళు తాగేటప్పటిలాగా మొహం పైకెత్తి ఊదింది. గాలి చాలావరకు నాలోకి వచ్చింది, కొంత గదిలోకి పోయింది. తెర మీద అరవై ఒకటి.

"పెదాలు ఆనించి గట్టిగా పట్టుకోవాలక్కా."

"ఎంగిలి గాదా అమ్మాయా?"

"కొత్త మూతి ఇది. ఎవురూ నోరు పెట్టలా. నీ కోసమే ఇప్పుడు తీసినా."

"నాకు గాదు, దానికి," అని నన్ను చూపించింది. "ఇంతమందికి పనిజేసేది. నా జబ్బు నోరు దాంట్లో పెడితే దానికేమన్నా అయితదేమో."

ఓబులేసు నవ్వాడు. "పోతా పోతా మిషన్‌కి దిష్టి గూడా తీసిపో."

పెద్ద పెద్ద నోళ్ళు నాలోకి ఊదాయి. ఉల్లిపాయ వాసనలు, చుట్ట వాసనలు, కార్పొరేట్ పుదీనా వాసనలు. నాకేమన్నా అవుతుందేమోనని వెనక్కి తగ్గిన నోరు అదొక్కటే. ఆ అరవై ఒకటిని అట్లాగే ఉంచితే ఆమెకు మందు దొరికేది. కానీ సరిగా ఊదని ఊపిరిని లెక్కలోకి తీసుకోకూడదన్నది నియమం. మంచి నియమమే, నేను కూడా తెర మీద ఎర్ర గుర్తు పెట్టాను. రమీజా దాన్ని కొట్టేసి, మూతిని తిరుపాలమ్మ పెదవుల మధ్య స్వయంగా సర్దింది.

"ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఆపమాక, ఇంకా..."

ఈసారి ఒక్క చుక్క గాలి కూడా బయటికి పోలేదు. ఊది ఊది ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. వచ్చిన గాలిని నేను గింజ కూడా వదలకుండా కొలిచాను. ఆపైన నా లోపలి కోత లేచి, ఈమె ఆసియా మనిషి, ఉండవలసిందే తక్కువ అంది. తెర మీద డెబ్భై ఆరు. ఆ కోత లేకపోతే అదే గాలికి అరవై ఏడు రావాలి.

డాక్టర్ ముకుంద్ తెర వంక చూశాడు. "బాగానే ఉందమ్మా నీకు. డెబ్భై ఆరు. ఈ మందు వేసుకోవాల్సినంత లేదు."

"బాగుంటే కుళాయి కాడి బిందె ఇంటి దాకా ఎందుకు రాదు సార్?"

"ఆయాసం ఉంటుంది, కాదనను. కానీ నంబరు ప్రకారం చూస్తే..."

"ఆ నంబరు మా ఇంటికొచ్చి బిందె మోస్తదా?"

"మే, ఊరుకో. సార్‌తో అట్టేనా మాట్లాడేది," అన్నాడు ఓబులేసు.

రమీజా మాట మారుస్తూ, "అన్నా, నువ్వు గూడా రంపం కాడ జేసినోడివే గదా. ఒకసారి ఊది పో," అంది.

"నాకేంది? దున్నపోతు మాదిరి ఉండా."

ఊదాడు. అరవై ఎనిమిది. కోత వల్ల పెరిగి కనపడినా అంతే. ఆయాసమంటే ఆడమనిషికొచ్చే జబ్బని అతను అనుకున్నాడు. తనకు వచ్చింది ఒళ్ళు బరువనుకున్నాడు. తెర చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఆమెకు డెబ్భై ఆరు, నాకు అరవై ఎనిమిదా? నేను తప్పినట్టా?"

"నువ్వు పాసయినట్టు. నిన్ను చేర్చుకుంటాం. మందు నీకొస్తుంది," అన్నాడు ముకుంద్.

ఓబులేసు నీళ్ళ సీసా భార్య చేతికిచ్చాడు. "అట్టయితే నాది ఆమెకియ్యండి సార్."

"అట్లా కుదరదు. ఎవరిది వాళ్ళే వేసుకోవాలి."

"మా ఇద్దరిదీ ఒకే రేషన్ కార్డు సార్."

ముకుంద్ నవ్వాడు. రమీజా నవ్వలేదు. నాకు నవ్వు రాదు. వచ్చే వీలుంటే ఆ గదిలో నా గొంతు రమీజా గొంతు కన్నా పెద్దగా వినపడేది. ఆమె ఊపిరిలోంచి రెండణాలు తీసింది నేను కాదు, ఆమెకు ఆ రెండణాలు లేవన్నది నేను కాదు అని అరిచేదాన్ని. యంత్రాలకు నోరు పెడతారు గానీ మాట పెట్టరు.

ఓబులేసుకు మందు ఇవ్వడం మొదలైంది. ఇటుక రంగు గుళికలు, తెల్ల డబ్బాలో. మూడు నెలలకొకసారి వచ్చి ఊదాలి, మిగిలిన గుళికలు చూపించాలి. ముకుంద్ తిరుపాలమ్మను కూడా రమ్మన్నాడు. మందివ్వలేకపోయినా ఊపిరి చూస్తూ ఉంటానన్నాడు. అదొక దయ, నేను కాదనను. ఆమె ఊదిన ప్రతిసారీ దగ్గరుండి ఆమె గ్లాసులో నీళ్ళు తనే పోసేవాడు.

ఆ మధ్యలోనే ఒక రోజు మధ్యాహ్నం ముకుంద్ కంప్యూటరు ముందు కూర్చుని ఏదో చదువుతూ టీ తాగడం మర్చిపోయాడు. దేశదేశాల ఊపిరితిత్తుల వైద్య సంఘాలు కొత్త పరిశోధనలన్నీ చూసి ఒక మాట చెప్పాయట: జాతిని బట్టి ఊపిరిని కోయడం మానండి, దానివల్ల జబ్బు దాగిపోతోంది, నష్టపోతున్నది ఆ మనుషులే అని. ముకుంద్ లేచి నా దగ్గరికొచ్చి, లోపలి గడులు ఒక్కొక్కటే తెరిచి, నాలుగో గడి దగ్గర ఆగాడు. ఇన్నేళ్ళలో దాన్ని చూసిన మొదటి మనిషి అతనే.

"రమీజా, ఇది ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?"

"మన కాడికి వచ్చినప్పట్నించి ఇట్టే ఉంది సార్."

ఆ రోజే పరిశోధనకు డబ్బిచ్చే పెద్దలకు రాశాడు. కోత తీసేస్తే ఇక్కడ మందు దొరకవలసినవాళ్ళు ఇంకా ఉన్నారని, వాళ్ళను చేర్చుకుంటానని. జవాబు వచ్చింది. విషయం మా దృష్టిలోనూ ఉంది, కానీ పరిశోధన మధ్యలో లెక్క మారిస్తే ముందు చేరినవారికీ తర్వాత చేరినవారికీ పొంతన ఉండదు, కాబట్టి ప్రోటోకాల్ ప్రకారం, అంటే ముందు రాసుకున్న పద్ధతి ప్రకారం, చేరికలు ముగిసేదాకా ఇదే లెక్క. ముకుంద్ దాన్ని రమీజాకు చదివి వినిపించాడు. మళ్ళీ రాయలేదు. ఆ రోజు అన్నం తినలేదు.

చెడ్డవాళ్ళ మీద నాకు కోపం తొందరగా చల్లారిపోతుంది. వాళ్ళ నుంచి ఆశించేదేమీ ఉండదు కదా. అన్నం మానేసి ఊరుకున్న ఈ మంచివాళ్ళ మీదే ఇప్పటికీ చల్లారలేదు. పొంతన కుదరదట. తప్పుడు తూకంతో సగం బస్తాలు తూచాక, రాయి తేలికదని తెలిసినా, మిగతా బస్తాలు కూడా దానితోనే తూస్తాం అన్న వ్యాపారిని మీరు సంతలో చొక్కా పట్టుకుంటారు. అదే మాట ఇంగ్లీషులో చెబితే సంతకం పెడతారు.

నెలలు గడిచాయి. వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఊదేవాళ్ళు. అక్కడ ఒక వింత కనిపించసాగింది. మందు వేసుకుంటున్న ఓబులేసు ఊపిరి ఆగకుండా తగ్గుతోంది. మందు లేని తిరుపాలమ్మ ఊపిరి ఉన్నచోటే నిలబడింది. డబ్బాలో గుళికలు మాత్రం లెక్క ప్రకారం ఖర్చవుతున్నాయి.

"ఓబులేసూ, మందు సరిగ్గా వేసుకుంటున్నావా?"

"తప్పకండా సార్. పొద్దునొకటి, మాపటికొకటి."

"విరేచనాలేమన్నా అవుతున్నాయా? ఈ మందుతో కొందరికి అవుతాయి."

"నాకేం గాలేదు సార్. ఆమెకే, మూడ్రోజుల్నించి చెంబు దించితే ఒట్టు."

"బయట ఏమన్నా తిన్నావామ్మా?"

"బయట తినేదానికి బయటికి పోవాల గదా సార్. వీధి చివరికే పోలేను," అంది తిరుపాలమ్మ.

ముకుంద్ ఇంకేదో చూసుకుంటున్నాడు. రమీజా చేతిలో కలం ఆగింది. ఓబులేసు వైపు చూసింది. అతను గోడ మీది పాలిచ్చే తల్లి బొమ్మను చాలా శ్రద్ధగా చదవసాగాడు. రమీజా కలం మళ్ళీ కదిలింది. నేను కూడా అప్పుడే గ్రహించాను.

కొంతకాలానికి ఆ పరిశోధనలో చేరికలు ముగిశాయి. కావలసినంతమంది దొరికారు, తలుపు మూసేశారు. సరిగ్గా ఆ తర్వాత కంపెనీ నుంచి ఇంజనీరొకడు వచ్చాడు. చేరికలు అయిపోయాయి కనుక ఇక నుంచి కొత్త పద్ధతిలో చూపించవచ్చని పైనుంచి అనుమతి వచ్చిందట. అతను నిలబడే, ఒక్క వేలితో, నాలుగో గడిని తీసేశాడు. మూడు నొక్కులు. అంతే. ఎన్ని తరాల అబద్ధమో, దాన్ని తీయడానికి గోరంత కష్టం కూడా పడనక్కరలేదు. అతను చేయి తుడుచుకుని టీ ఉందా అని అడిగాడు.

ఆ వారమే ఓబులేసు, తిరుపాలమ్మ వచ్చారు. ఆమె ఊదింది. అరవై ఏడు.

"తగ్గిందా సార్?" అంది తిరుపాలమ్మ భయంగా.

ముకుంద్ తల అడ్డంగా ఊపాడు. "తగ్గలేదమ్మా. నీ ఊపిరి ముందెంతో ఇప్పుడూ అంతే. లెక్క మారింది."

"అరవై ఏడంటే డెబ్భైకి తక్కువ గదా. అట్టయితే నన్ను చేర్చుకుంటారా?"

"చేరికలు అయిపోయాయమ్మా."

"ముందే ఈ లెక్క ఉంటే?"

ముకుంద్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముందే ఉంటే చేరేదానివి."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. రాసిపెట్టి లేదులే అని కూడా అనలేదు. రాసింది ఎవరో, ఎక్కడో తెలిసిపోయింది కదా. తర్వాత ఓబులేసు ఊదాడు. అతని అంకె చూసి ముకుంద్, "నీది జారిపోతూనే ఉంది ఓబులేసూ. ఆమెది చూడు, మందు లేకుండానే నిలబడింది. ఇదేమిటో నాకు అర్థం కావడం లేదు," అన్నాడు. పైనుంచి ఎవరో పిలిస్తే గదిలోంచి వెళ్ళాడు.

రమీజా ఓబులేసు తెచ్చిన డబ్బాను తట్టలోకి వంచి, మిగిలిన గుళికలు లెక్కపెడుతోంది. తిరుపాలమ్మ చూపు ఆ తట్ట మీద పడింది. లేచి వచ్చి, ఒక గుళిక తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఏమయ్యా. ఇయ్యి నా బలం మాత్రలు గదా. సచివాలయంలో ఇచ్చినారంటివే."

"అన్నీ ఒక రంగే ఉంటయిలే."

"నీ గుళికలు నేను మింగతంటే, నువ్వేం మింగతన్నావు?"

ఓబులేసు ఫ్యాను వంక చూశాడు. "నీళ్ళు."

రమీజా తట్ట పక్కన పెట్టి, మా ఇద్దరి వీపులూ వాళ్ళ వైపు ఉండేలా నన్ను తిప్పి, నా వెనక మూత తెరిచి కాగితపు చుట్ట బయటికి లాగింది. అందులో కాగితం నిండుగానే ఉంది.

"సార్ ఏమన్యాడో ఇన్నావా? జారిపోతా ఉందన్యాడు," అంది తిరుపాలమ్మ. ఆమెకు మాట మాటకీ ఊపిరి అందడం లేదు.

"నీది నిలబడింది గదా. ఇద్దర్లో ఒకరిదన్నా నిలబడింది."

"నాది నిలబడి నేనేం జేసుకునేది? నువ్వు పోతే నేనెవురితో కొట్లాడేది?"

"గోడతో కొట్లాడు. ఎప్పుడూ నేనే మాటకు మాట జెప్తినా ఏంది?"

"నవ్వు రాలేదు." ఆమె గుళికను తట్టలో వేసింది. గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. "రేపట్నించి ఒకరోజు నీకు, ఒకరోజు నాకు."

"అట్ట తింటే పనిజేస్తదో లేదో."

"సగం జేస్తది. ఇద్దరికీ సగం సగం. అది ఒప్పుకోకపోతే ఇప్పుడే సార్‌కి జెప్పేస్తా, నీ డబ్బా గూడా పీక్కుంటారు."

ఓబులేసు తలూపాడు.

"అమ్మాయా," అంది తిరుపాలమ్మ, "ఇన్నావా ఏమన్నా?"

"ఏందక్కా? కాయితం ఇరుక్కుంది, దీంతోనే సరిపోయింది నాకు," అంది రమీజా నా వైపే చూస్తూ. ఇట్లాంటిది చూసి చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. చెబితే ఇంకేదో పోతుంది. ఆమె నా చుట్టను తీసి, మళ్ళీ అదే చుట్టను పెట్టి, మూత వేసింది.

అట్లా ఆ గొప్ప పరిశోధనలో ఒక అబద్ధం చేరింది. దానికి మీరు ఓబులేసును నిందించలేరు. మీరు ముందే పెట్టిన అబద్ధానికి పుట్టిన బిడ్డ అది. పొంతన కోసం ఆమెను బయట నిలబెట్టారు. ఇప్పుడు ఆ పొంతనే ఒక పేదవాడి సంచిలో, ఇటుక రంగు గుళికల రూపంలో, ఇల్లు చేరి రెండు ముక్కలైంది. రేపు ఎక్కడో ఒక పెద్ద సభలో ఈ మందు ఫలానా శాతం మందికి అనుకున్నంత పనిచేయలేదని ఎవరో తెర మీద చూపిస్తారు. ఆ శాతంలో ఒక మనిషికి కూరగాయల బండి ఉందని, బండి పక్కన అతని భార్య స్టూలు మీద కూర్చుని బేరాలాడుతుందని ఆ తెర మీద ఉండదు.

కొత్త యంత్రం వచ్చేదాకా నేను పనిచేశాను. ఆ ఇద్దరూ మరి రెండుసార్లు వచ్చి ఊదారు. తిరుపాలమ్మ ఊపిరి మళ్ళీ తగ్గడం మొదలుపెట్టింది, మెల్లగా. ఓబులేసుది తగ్గడం నెమ్మదించింది. ఊదేటప్పుడు ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు కాదు. ఊదాక మాత్రం ఇద్దరూ ఒకేసారి తెర వైపు వంగేవాళ్ళు.

నన్ను సర్దేసే రోజున డాక్టర్ ముకుంద్ చివరిసారిగా రోగుల ఊపిరి గీతల కాగితాలు ముందు వేసుకున్నాడు. తిరుపాలమ్మది గోధుమరంగు అట్టలో ఉంది, దాని మీద 'అర్హత లేనివారు' అని ఉంది. ఓబులేసుది నీలం అట్టలో, మందు పుచ్చుకుంటున్నవారితో ఉంది. అతను ముందు ఆమె గీత చూశాడు. "ఎందుకు నిలబడిందో, ఎందుకు మళ్ళీ జారుతోందో," అని రమీజాతో అన్నాడు. "సార్, టీ చల్లారిపోతోంది," అంది రమీజా. అతను ఆ అట్ట మూసి కింది అరలో పెట్టి, నీలం అట్ట తెరిచాడు. ఓబులేసు గీత చూశాడు. "ఇతనికి ఇంత ఆలస్యంగా ఎందుకు పనిచేస్తోందో," అన్నాడు.

ఆ రెండు గీతలూ గీసింది నేను. ఒకదాని పక్కన ఒకటి పెడితే చాలు, ఏ చదువూ లేని మనిషికైనా తెలిసిపోయేది: చివరికొచ్చేసరికి రెండూ ఒకే వాలులో, చేయీ చేయీ పట్టుకుని మెట్లు దిగుతున్నట్టు దిగుతున్నాయి. డాక్టరు గారు ఒకటి మూశాకే రెండోది తెరిచారు.